హెడ్‌లైట్ బల్బు మాటిమాటికీ మాడిపోతుంటే కారణం వెతకాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. చెన్నై నుంచి నెల్లూరు, తిరుపతి వైపు వెళ్ళే రహదారుల మీద రాత్రిపూట జరిగే ప్రమాదాల గురించి మీ పత్రికలో తరచుగా చదువుతున్నాను. అతివేగం గురించి, డ్రైవర్ల నిద్రమత్తు గురించి, రోడ్డు పక్కన లైట్లు లేకుండా ఆపిన లారీల గురించి మీరు రాస్తున్న వార్తలు ఎంతో అవసరమైనవి. అయితే ఆ దారుల్లో రాత్రి ప్రయాణించే వాళ్ళందరికీ అనుభవమైన మరొక కారణం మీద పడవలసినంత దృష్టి పడలేదని నాకు అనిపిస్తోంది. అది ఒంటి దీపంతో వచ్చే కారు. ఊత్తుకోట, నాగలాపురం మీదుగా పుత్తూరు వెళ్ళే దారిలో మధ్యన డివైడరు లేని చోట ఎదురుగా ఒకే ఒక దీపం కనిపిస్తే, వచ్చేది మోటారు సైకిలనే ఎవరైనా అనుకుంటారు, ఆ మేరకే పక్కకు జరుగుతారు. ఆరిపోయినది కుడివైపు దీపమైతే మనకు కనిపించే వెలుగు ఆ కారు ఎడమ అంచుది. మిగిలిన బండి అంతా చీకట్లో రోడ్డు మధ్యకు, అంటే మన వైపుకు ఉంటుంది. దగ్గరికి వస్తే గాని అది కారని తెలియదు, అప్పటికి తప్పుకోవడానికి చోటుండదు.

ఇలాంటి కార్ల యజమానులందరూ అశ్రద్ధపరులని అనుకోవడం సరికాదు. వాళ్ళలో చాలామంది చెప్పే మాట ఒకటే: "మొన్ననే కొత్త బల్బు వేయించానండీ, అప్పుడే మాడిపోయింది." నేను పెరంబూరులో ఉంటాను. ఒక పాలిటెక్నిక్ కళాశాలలో మోటారు వాహనాల విద్యుత్ పరికరాల గురించి పాఠాలు చెప్పి పదవీ విరమణ చేశాను. ఈ ఫిర్యాదుతో ఇరుగుపొరుగు వాళ్ళు, బంధువులు ఇప్పటికీ నా దగ్గరికి వస్తుంటారు. వాళ్ళకు చెప్పేదే మీ పాఠకులకు కూడా చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను. ఎన్నో రాత్రులు వెలిగిన బల్బు ఆయుష్షు తీరి పోవడం సహజం. కానీ కొద్ది నెలలకే పోవడం, మార్చిన కొత్తది కూడా అలాగే పోవడం సహజం కాదు. అప్పుడు బల్బు ఆ కారులో మరెక్కడో ఉన్న లోపాన్ని మనకు చూపిస్తున్నదని తెలుసుకోవాలి. ఆ లోపాన్ని పట్టుకోకుండా బల్బుల మీద బల్బులు మారుస్తూ పోతే ఖర్చు ఆగదు, ప్రమాదం కూడా తప్పదు.

ఎల్‌ఈడీ దీపాలతో వచ్చే కొత్త కార్లు పెరుగుతున్నా, మన రోడ్ల మీద హాలోజన్ బల్బుల కార్లు ఇప్పటికీ ఎక్కువే. వాటిలో చాలావాటికి ఉండేది హెచ్4 బల్బు. 1971 నుంచి వాడుకలో ఉన్న ఈ బల్బులో డిమ్‌కు 55 వాట్లది ఒకటి, బ్రైట్‌కు 60 వాట్లది ఒకటి, రెండు ఫిలమెంట్లు (వెలిగే తీగలు) ఉంటాయి. పైన కనిపించేది మామూలు గాజు కాదు, ఎక్కువ వేడిని తట్టుకునే క్వార్ట్జ్. లోపలి టంగ్‌స్టన్ తీగ కరిగే ఉష్ణోగ్రత 3,422 డిగ్రీల సెల్సియస్. వెలుగుతున్నప్పుడు ఆ తీగ దానికి కొన్ని వందల డిగ్రీలే దిగువన ఉంటుంది. అంత వేడికి టంగ్‌స్టన్ కొద్దికొద్దిగా ఆవిరవుతూనే ఉంటుంది. లోపల నింపిన అయోడిన్ లేదా బ్రోమిన్ వాయువు ఆ ఆవిరితో కలిసి, దాన్ని క్వార్ట్జ్ గోడకు అంటుకోకుండా తిరిగి తీగ మీదికి చేరుస్తుంది. కనుకనే పాత కాలపు బల్బుల్లా ఇవి నల్లబడవు. అయితే తిరిగి వచ్చిన టంగ్‌స్టన్ తాను లేచిన చోటనే కూర్చోదు. తీగలో ఎక్కడో ఒక చోట సన్నబడుతుంది, సన్నబడిన చోట వేడి మరింత పెరుగుతుంది, చివరికి అక్కడే తెగుతుంది. కాబట్టి ఏ బల్బుకైనా చావు తప్పదు. దాన్ని తొందరపెట్టే వాటిని తొలగించడమే మన చేతిలో ఉంది.

అలా తొందరపెట్టే వాటిలో మొదటిది, అన్నిటికంటే తక్కువగా పట్టించుకునేది, వోల్టేజీ. ఈ బల్బుల ఆయుష్షును తయారీదారులు 13.2 వోల్టుల దగ్గర పరీక్షించి చెబుతారు. వోల్టేజీ కొద్దిగా పెరిగినా ఆయుష్షు కొద్దిగా తగ్గడంతో సరిపోదు. ఇంజనీర్లు వాడే లెక్క ప్రకారం వోల్టేజీ 5 శాతం పెరిగితే, అంటే 13.2 కాస్తా 13.9 అయితే, బల్బు ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. అదే బల్బుకు 14.4 వోల్టులు అందితే మూడోవంతుకు, 15 వోల్టులు అందితే సుమారు అయిదోవంతుకు చేరుతుంది. వెలుగు మాత్రం పెరుగుతుంది. అందువల్ల బల్బు మామూలు కంటే తెల్లగా, జోరుగా వెలుగుతున్నప్పుడు యజమాని సంతోషిస్తాడు గాని అనుమానించడు. కారు నడుస్తున్నప్పుడు ఈ వోల్టేజీని నిర్ణయించేది, ఇంజను తిప్పితే విద్యుత్తు తయారుచేసే ఆల్టర్నేటర్‌లో ఉండే రెగ్యులేటర్. పాత మెకానిక్కులు ఆల్టర్నేటర్‌ను డైనమో అనీ, రెగ్యులేటర్‌ను కటౌట్ అనీ అంటారు. ఆ కటౌట్ పాడైతే వోల్టేజీ అదుపు తప్పుతుంది, బ్యాటరీలో నీళ్ళు త్వరగా ఇంకిపోతాయి, రెండు హెడ్‌లైట్లూ కొద్ది రోజుల తేడాతో పోతాయి. బ్యాటరీలో మాటిమాటికీ డిస్టిల్డ్ వాటర్ పోయవలసి రావడం, బల్బులు మాటిమాటికీ పోవడం కలిసి కనిపిస్తే అనుమానించవలసింది కటౌట్‌నే.

దీన్ని పరీక్షించడానికి పెద్ద యంత్రాలేవీ అక్కరలేదు. కొన్ని వందల రూపాయలకు దొరికే మల్టీమీటర్ చాలు. దాన్ని డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, ఇంజను ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ రెండు టెర్మినళ్ళ మధ్య కొలిస్తే, బాగా ఛార్జయిన బ్యాటరీ 12.6 వోల్టుల దాకా చూపిస్తుంది. తరువాత ఇంజను స్టార్ట్ చేసి, హెడ్‌లైట్లు వేసి, ఒకరిని యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కమని కొలవాలి. బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.5 మధ్యలో నిలకడగా ఉంటే భయం లేదు; పైన చెప్పినవి బల్బుకు అందే అంకెలు, అవి దీనికంటే తక్కువగా ఉంటాయి. ఇంజను వేగం పెంచేకొద్దీ వోల్టేజీ కూడా పెరుగుతూ 15 దాటిపోతుంటే రెగ్యులేటర్ మార్చవలసిందే. కొత్త కార్లు కొన్నింటిలో ఆల్టర్నేటర్‌ను కంప్యూటరే నడిపిస్తుంది గనుక అంకె కొద్దిసేపు పైకీ కిందికీ మారుతుంది. వాటి విషయంలో సర్వీసు పుస్తకంలోని అంకెను చూసి నిర్ణయించుకోవాలి. తరువాత అదే మీటర్‌ను వెలుగుతున్న బల్బు వెనుక కప్లర్ (బల్బు పిన్నులకు తగిలించే ప్లగ్గు) దగ్గర పెట్టి కొలవడం మరింత మంచిది, ఎందుకంటే బ్యాటరీ దగ్గరున్నదంతా బల్బుకు చేరదు. దారిలో వైర్లు, స్విచ్చులు కొంత తినేస్తాయి. రెండు అంకెల మధ్య తేడా అర వోల్టు ఉండడం మామూలే. అంతకంటే చాలా ఎక్కువుంటే ఎర్త్‌లోనో (బండి బాడీకి కలిపే తీగలోనో) కనెక్షన్లలోనో లోపమున్నట్లు. ఆ లోపం బల్బును మాడ్చకపోవచ్చు గాని వెలుగును తగ్గిస్తుంది, ఎక్కడో ఒక జాయింటును వేడెక్కిస్తుంది.

ఇక్కడ ఒక అలవాటు గురించి గట్టిగా చెప్పవలసి ఉంది. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి, ఇంజను ఆగకపోతే ఆల్టర్నేటర్ బాగున్నట్టని తేల్చే పద్ధతి మన ఊళ్ళలోనూ చెన్నైలోనూ చాలా వర్క్‌షాపుల్లో ఇప్పటికీ ఉంది. పాత కాలపు డైనమోల రోజుల్లో ఇది ఎలా చెల్లిందో గాని, నేటి కార్లకు ఇది చాలా ప్రమాదకరం. ఆల్టర్నేటర్ నుంచి వచ్చే ఎగుడుదిగుళ్ళను తనలోకి తీసుకుని సర్దేది బ్యాటరీయే. అది హఠాత్తుగా తప్పుకుంటే ఆ క్షణంలో వోల్టేజీ పదుల వోల్టులకు ఎగుస్తుంది. ఆ దెబ్బకు వెలుగుతున్న బల్బు పోవచ్చు, ఇంజను కంప్యూటర్ కూడా పోవచ్చు. వదులైన బ్యాటరీ టెర్మినల్ కూడా గతుకుల రోడ్డు మీద ఇదే పని కొంచెం కొంచెంగా చేస్తుంది. టెర్మినళ్ళ మీద పేరుకున్న తెల్లటి, పచ్చటి పొడిని వేడినీళ్ళతో కడిగి, ఆరిన తరువాత నట్టు బిగించి పైన వాజిలైన్ రాయడం ప్రతి కారు యజమానీ స్వయంగా చేసుకోగలిగిన పని. ఈ పని చేసేటప్పుడు ఇంజను ఆపి ఉంచాలని వేరే చెప్పనక్కరలేదు.

రెండు బల్బులూ కాకుండా ఎప్పుడూ ఒకే వైపు బల్బు పోతున్నదంటే వోల్టేజీని వదిలిపెట్టి ఆ వైపు డూమ్ (బల్బు కూర్చునే హెడ్‌లైట్ గూడు) వెనక్కి చూడాలి. మా వీధిలో ట్రావెల్స్ కారు నడిపే ఒక అబ్బాయికి కుడివైపు బల్బు ఇలాగే పోతుండేది. మార్చిన ప్రతిసారీ బల్బు కంపెనీనే తిట్టుకున్నాడు. మాడిన బల్బును పారేయకుండా తెమ్మన్నాను. క్వార్ట్జ్ లోపలంతా పాలమీగడ రంగులో తెల్లటి పొగ పట్టి ఉంది. అంటే లోపలికి గాలి చొరబడిందన్నమాట. బోనెట్ ఎత్తి చూస్తే, హెడ్‌లైట్ వెనుక ఉండవలసిన నల్లటి రబ్బరు మూత లేదు. అంతకు ముందు ఎవరో బల్బు మార్చి దాన్ని తిరిగి పెట్టలేదు. కప్లర్ లాగితే మూడు పిన్నులలో ఎర్త్ పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి, ఒక అంచు కరిగి ముద్దకట్టింది. లోపలి ఇత్తడి క్లిప్పు పట్టు వదిలి వెడల్పయింది. పట్టులేని చోట విద్యుత్తు సరిగా పారదు; ఆ కీలు వేడెక్కుతుంది, బండి కుదిపినప్పుడల్లా బల్బు క్షణం ఆరి క్షణం వెలుగుతుంది, ఆ వేడి బల్బు మొదలుకు పాకి క్వార్ట్జ్‌కూ లోహానికీ మధ్య ఉన్న సీలును చీల్చుతుంది. ఆ కారుకు వేయవలసింది కరిగిన కప్లర్ స్థానంలో కొత్త పింగాణీ హోల్డరు, రబ్బరు మూత. ఆ రెండూ వేయించిన తరువాత ఆ బల్బు గురించి అతను మళ్ళీ నా దగ్గరికి రాలేదు.

మాడిన బల్బును చూసి కారణం ఊహించే ఈ విద్య నేర్చుకోవడం కష్టం కాదు, కనుక మరికొన్ని గుర్తులు చెబుతాను. క్వార్ట్జ్ శుభ్రంగా ఉండి తీగ ఒక చోట మాత్రం తెగి ఉంటే అది వయసు మీరి పోయి ఉండాలి, లేదా కుదుపులకు తెగి ఉండాలి. లోపల నల్లగానో అద్దంలా వెండిరంగులోనో పూతపట్టి ఉంటే వోల్టేజీ ఎక్కువైందని అనుమానించాలి. క్వార్ట్జ్ మీద ఒకచోట బొబ్బలా ఉబ్బి ఉంటే బిగించినప్పుడు ఎవరో దాన్ని వేళ్ళతో పట్టుకున్నారన్నమాట. చేతి చెమటలోని ఉప్పు, జిడ్డు ఆ వేడికి క్వార్ట్జ్‌లోకి దిగి, ఆ చోటును మిగతా చోట్లకంటే ఎక్కువగా వేడెక్కిస్తాయి. కనుక హాలోజన్ బల్బును ఎప్పుడూ దాని లోహపు మొదలు దగ్గరే పట్టుకోవాలి, లేదా శుభ్రమైన టిష్యూ కాగితంతో పట్టుకోవాలి. పొరపాటున తాకితే బిగించే ముందు మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. గ్రీజు అంటిన చేతులతోనే డబ్బాలోంచి బల్బు తీసి బిగించే కుర్రాళ్ళను రోజూ చూస్తుంటాం. వాళ్ళకు ఎవరూ ఈ మాట చెప్పలేదు, అంతే. చెబితే వెంటనే గుడ్డ తీసుకుంటారు.

చెన్నైకి ప్రత్యేకమైన బాధలు రెండున్నాయి. ఒకటి నీరు, సముద్రపు ఉప్పుగాలి. తిరువొత్తియూరు, ఎన్నూరు వైపు, ఈస్ట్ కోస్ట్ రోడ్డు వెంబడి ఉండేవాళ్ళ కార్లలో కప్లర్ పిన్నులకు చిలుము త్వరగా పడుతుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు వేళచ్చేరి, పళ్ళికరణై ప్రాంతాలలో ఎన్నో కార్లు నీట మునిగాయి. ఆ తరువాత ఇంజను, సీట్లు, కార్పెట్లు బాగు చేయించుకున్నవాళ్ళలో కొందరు హెడ్‌లైట్ వెనుక కప్లర్‌ను విప్పి చూడనే లేదు. వర్షాకాలంలో హెడ్‌లైట్ అద్దం లోపల ఆవిరి పట్టి, కాసేపు లైటు వేయగానే పోతే అంతగా దిగులు పడనక్కరలేదు. నీటిబొట్లు నిలిచిపోయి అడుగున చేరుతుంటే మాత్రం సీలు పోయినట్లే. మండే వేడిమీద ఉన్న బల్బు మీద నీళ్ళు పడితే అది పగలవచ్చు. ప్రయాణం చేసి వచ్చిన వెంటనే వేడి మీదున్న హెడ్‌లైట్ల మీద వాటర్ సర్వీసులో ప్రెషర్ గన్‌తో నీళ్ళు కొట్టించకుండా ఉండడం, ముఖ్యంగా వెనకవైపు నుంచి కొట్టనివ్వకుండా ఉండడం మేలు.

రెండవది కుదుపు. మెట్రో రెండో దశ పనుల కోసం మాధవరం నుంచి నగరం అంతటా రోడ్లు తవ్వి పూడ్చిన చోట్ల, ఎత్తూపల్లాల మీద రోజూ నడిచే కారులో ఫిలమెంటుకు విశ్రాంతి ఉండదు. తీగ చల్లగా ఉన్నప్పటికంటే వెలుగుతూ మెత్తబడినప్పుడు కుదుపును తక్కువగా తట్టుకుంటుంది. రోడ్లను మనం మార్చలేం గాని, బల్బును పట్టి ఉంచే స్ప్రింగు క్లిప్పు సరిగా కూర్చున్నదా, డూమ్ బోల్టులు బిగువుగా ఉన్నాయా, ఇంజను మౌంటింగులు అరిగి కారు నిలబడి ఉన్నప్పుడే బోనెట్ అదురుతోందా అన్నవి చూసుకోగలం. హెచ్4 బల్బు మొదలుకు ఉండే మూడు చెవులు గాడిలో సరిగా కూర్చోకుండానే క్లిప్పు వేస్తే బల్బు వదులుగా అదరడమే కాకుండా వెలుగు కూడా పక్కకు పోయి ఎదురు వాహనం కళ్ళలో పడుతుంది.

మౌంట్ రోడ్డుకు దగ్గరలోని జనరల్ పేటర్స్ రోడ్డులో, పుదుపేటలో ఉన్న కారు విడిభాగాల దుకాణాల గురించి కార్లున్న చెన్నై తెలుగువాళ్ళకు నేను వివరించనక్కరలేదు. బల్బు త్వరగా పోతున్నదని అక్కడికి వెళ్ళినవాళ్ళలో చాలామంది 100/90 వాట్ల (బ్రైట్‌కు 100, డిమ్‌కు 90) బల్బుతోనో, ఎల్‌ఈడీ బల్బుతోనో తిరిగి వస్తారు. వాట్లు ఎక్కువైతే బలం కూడా ఎక్కువ, కనుక ఎక్కువ కాలం వస్తుందని వాళ్ళ నమ్మకం. జరిగేది దానికి విరుద్ధం. బ్రైట్‌లో 60 వాట్ల మామూలు బల్బు సుమారు అయిదు ఆంపియర్లు తీసుకుంటే 100 వాట్ల బల్బు ఎనిమిది ఆంపియర్లు దాటి తీసుకుంటుంది. కంపెనీ వేసిన సన్నటి వైర్లు, స్టీరింగ్ పక్కన ఉండే స్విచ్చు, ప్లాస్టిక్ హోల్డరు ఆ భారానికి తయారైనవి కావు. ముందు హోల్డరు కరుగుతుంది, తరువాత రిఫ్లెక్టర్ మీది వెండిరంగు పూత పొగచూరుతుంది, దానితో వెలుగు మునుపటికంటే తగ్గిపోతుంది. ఫ్యూజు పోతున్నదని పెద్ద ఫ్యూజు వేస్తే మంటలకు దారి ఇచ్చినట్లే. "ప్లస్ 100 శాతం వెలుగు" అని డబ్బా మీద రాసి ఉన్న బల్బులలో వాట్లు సరిగానే ఉంటాయి, కానీ ఆ వెలుగు కోసం తీగను మరింత వేడిగా నడిపిస్తారు గనుక వాటి ఆయుష్షు మామూలు వాటికంటే తక్కువ. ఎక్కువ రోజులు రావాలనుకునేవాళ్ళు "లాంగ్ లైఫ్" అని రాసి ఉన్నవాటిని, లేదా కారుతో వచ్చిన మామూలు రకాన్ని కొనడం మంచిది. బల్బు లోహపు మొదలు మీద వృత్తంలో E అక్షరం, దాని పక్కన ఒక అంకె అచ్చయి ఉన్నాయో లేదో చూసుకోవాలి. నకిలీ సరుకులో తీగ స్థానమే తప్పుగా ఉంటుంది. నీలం పూత పూసినవి తెల్లగా కనిపిస్తాయి గాని ఆ పూతే కొంత వెలుగును మింగేస్తుంది, వాన కురుస్తున్న రోడ్డు మీద అసలే పనికిరావు.

ఎల్‌ఈడీ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. మొదటినుంచీ ఎల్‌ఈడీ కోసం తయారైన హెడ్‌లైట్‌కు నేను వ్యతిరేకిని కాను; అది మంచి దీపం. కానీ హాలోజన్ కోసం తయారైన డూమ్‌లో రిఫ్లెక్టర్ ప్రతి మడతా సన్నటి ఫిలమెంటు సరిగ్గా ఏ చోట ఉంటుందో లెక్కించి చేసినది. ఆ చోట పెద్ద చిప్పులు, ఫ్యాను ఉన్న ఎల్‌ఈడీ బల్బు పెడితే వెలుగు చెదిరి, రోడ్డుకంటే ఎదుటివాళ్ళ కళ్ళకే ఎక్కువగా తగులుతుంది. మూసి ఉన్న డూమ్‌లో వేడి బయటికి పోలేక దానికి విద్యుత్తును సర్ది అందించే సర్క్యూటు కూడా త్వరగానే పోతుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను తయారీదారు ఇచ్చిన స్వరూపాన్ని ఇష్టం వచ్చినట్లు మార్చడాన్ని నిషేధిస్తోంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 106వ నియమం ముందు దీపం వెలుగు కిందికి వంగి, 8 మీటర్ల దూరంలో 1.5 మీటర్ల ఎత్తున ఉన్న కంటిని మిరుమిట్లు గొలపకూడదని చెబుతోంది. కాబట్టి బల్బు ఆయుష్షు కోసం వేసుకున్న ఆ ఎల్‌ఈడీ చట్టానికీ విరుద్ధం, ఎదుటి డ్రైవరు ప్రాణానికీ ముప్పు.

పాత కార్లలో బల్బు విద్యుత్తు మొత్తం స్విచ్చు గుండానే పోతుంది. అటువంటి కార్లకు రిలేలతో (చిన్న విద్యుత్తుతో పెద్ద విద్యుత్తును కలిపే స్విచ్చులతో) కూడిన వైరింగ్ కిట్ వేయించుకుంటే స్విచ్చు చల్లగా ఉంటుంది, వెలుగు కూడా తిరిగి వస్తుంది. కానీ దారిలో పోతున్న వోల్టేజీ కూడా అప్పుడు బల్బుకే చేరుతుంది గనుక, ముందు కటౌట్ సరిగా ఉందని కొలిచి నిర్ధారించుకున్న తరువాతనే కిట్ వేయించాలి. ఈ వరుస తప్పితే వైరింగ్ బాగుచేసిన తరువాత బల్బులు మరింత త్వరగా పోతాయి, యజమానికి కారణం అర్థం కాదు.

స్విచ్చు వేసే తీరు కూడా కొంత ప్రభావం చూపుతుంది. చల్లగా ఉన్న ఫిలమెంటుకు నిరోధం వెలిగినప్పటి దానిలో పదోవంతు కంటే ఎక్కువ ఉండదు, కనుక లైటు వేసిన క్షణంలో పది రెట్ల దాకా విద్యుత్తు ఒక్కసారిగా దూకుతుంది. సన్నబడిన తీగలు ఎక్కువగా ఆ క్షణంలోనే తెగుతాయి. చాలా కార్లలో సెల్ఫ్ కొట్టేటప్పుడు హెడ్‌లైట్లు వాటంతటవే ఆరిపోతాయి. అలా ఆరని కార్లలో ఇంజను స్టార్ట్ అయ్యాకే లైట్లు వేసి, ఇంజను ఆపే ముందే వాటిని ఆపడం మంచిది. ఎదురు వాహనానికి డిమ్ము, డిప్పు కొట్టడం మాత్రం బల్బు మీద జాలితో మానవద్దు. అది రోడ్డు మర్యాద, మన రక్షణ కూడా. ద్విచక్ర వాహనాలకు 2017 ఏప్రిల్ 1 నుంచి హెడ్‌లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉండాలన్న నియమం వచ్చింది గనుక వాటి బల్బులు సహజంగానే త్వరగా అరుగుతాయి. వాళ్ళు కూడా బండి కటౌట్‌ను పరీక్షించుకుంటే అనవసరపు ఖర్చు చాలా తగ్గుతుంది. కార్లలో ఒక బల్బు ఆయుష్షు తీరి పోయినప్పుడు రెండోదీ అదే వయసుది గనుక రెండూ కలిపి మార్చి, ఇంకా వెలుగుతున్న పాతదాన్ని డబ్బాలో పెట్టి డ్యాష్‌బోర్డులో ఉంచుకోవాలి. రాత్రి నెల్లూరు దారిలో తడ దాటిన తరువాత ఒక బల్బు పోతే ఆ పాతదే ఇల్లు చేరుస్తుంది.

ఇక పాలనాపరంగా చేయవలసిన వాటి గురించి కొన్ని విన్నపాలు. అద్దెకు తిరిగే వాహనాలకు ఫిట్‌నెస్ పరీక్ష ఉంది గాని, సొంత కారుకు రిజిస్ట్రేషను అయిన 15 ఏళ్ళ దాకా హెడ్‌లైటును చూసే అధికారి ఎవరూ లేరు. అదే కారు పొగ పరీక్షకు మాత్రం క్రమం తప్పకుండా వెళ్ళవలసిందే. పొగ పరీక్ష కేంద్రంలోనే రెండు హెడ్‌లైట్లూ వెలుగుతున్నాయా, డిమ్‌లో వెలుగు కిందికి పడుతున్నదా అని ఒక గోడ మీద వేసి చూసి, పత్రం మీద రాసి ఇస్తే అదనంగా పట్టేది రెండు నిమిషాలే. తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ రవాణా శాఖలు రెండూ దీన్ని పరిశీలించాలి, ఎందుకంటే ఆ కార్లు రెండు రాష్ట్రాల మధ్యనే తిరుగుతున్నాయి. జాతీయ రహదారి టోల్‌గేట్ల దగ్గర ప్రతి కారూ ముందునుంచి కనిపిస్తూ నెమ్మదిగా వస్తుంది. ఒంటి దీపంతో వచ్చిన వాళ్ళకు అక్కడి సిబ్బంది ఒక్క మాట చెప్పినా డ్రైవరుకు తెలుస్తుంది. తన కారులో ఒక దీపం ఆరిపోయిన సంగతి నగరంలోని వీధి లైట్ల వెలుగులో డ్రైవరుకే తెలియని సందర్భాలు చాలా ఉంటాయి.

కార్ల సర్వీసు చేసే సంస్థలకు కూడా ఒక విన్నపం. ఇంజను ఆయిలు, బ్రేకు ప్యాడ్లు చూసి టిక్కు పెట్టే సర్వీసు కాగితంలో ఛార్జింగ్ వోల్టేజీ ఎంత వచ్చిందో అంకె రాసే గడి ఒకటి, హెడ్‌లైట్ కప్లర్లను, రబ్బరు మూతలను చూశారా అన్న గడి ఒకటి చేర్చాలి. "బాగుంది" అని రాస్తే చాలదు, అంకె కావాలి. ఆ అంకెను పోయినసారి కాగితంతో పోల్చుకుంటే కటౌట్ ఎప్పుడు దారి తప్పిందో యజమానికే తెలుస్తుంది.

సంపాదకులవారూ, ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో మొదలై డిసెంబరు దాకా చెన్నైనీ, నెల్లూరునూ తడుపుతాయి. హెడ్‌లైట్లకు గడ్డుకాలం అదే. వానలు మొదలయ్యే లోపల ఈ లేఖను ప్రచురించి, వీలైతే మీ ఆదివారం పేజీలో ఒక అనుభవజ్ఞుడైన ఆటో ఎలక్ట్రీషియన్ చేత హోల్డరు, కప్లర్, రబ్బరు మూత ఎలా ఉండాలో ఫోటోలతో సహా వివరింపజేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
పెరంబూరు, చెన్నై